పది చోట్ల కనబడే ఒకే తేదీ

తెలుగు వికీపీడియాలో ఒక పాత సినిమా వ్యాసాన్ని తిరగరాయడానికి కూర్చున్నప్పుడు, భాషను చక్కదిద్దితే పని ముగుస్తుందనుకున్నాను. "అఖండ విజయం సాధించింది", "ప్రేక్షకుల గుండెల్లో చిరస్థాయిగా నిలిచింది" వంటి వాక్యాలను తొలగించడానికి ఎంతో సేపు పట్టలేదు. వాటి స్థానంలో ఏం రాయాలో తేల్చుకోవడానికే వారాలు గడిచాయి. సినిమా ఎన్ని కేంద్రాల్లో ఎన్ని రోజులు ఆడిందో చెప్పే నాటి పత్రికా ప్రకటన దొరికితే ఆ విశేషణాలతో పనే లేదు. అయితే ప్రకటన కూడా నిర్మాతల మాటే కాబట్టి, ఆ సంగతిని వాక్యంలోనే చెప్పాలి.

కథా సంగ్రహానికి సినిమాయే మూలం కనుక అక్కడ వేరే ఆధారాలు అవసరం లేదు. కాని నాయిక ఉత్తరం చించివేయడం తెరపై కనబడుతుంది, అసూయతో చించిందన్నది మాత్రం మన ఊహ. అటువంటి ఊహలను తీసివేసేసరికి కథ సగానికి తగ్గింది.

అన్నిటికంటే ఎక్కువగా వేధించినది విడుదల తేదీ. పది వెబ్‌సైట్లలో ఒకే తేదీ కనబడితే మొదట సంతోషించాను. తరువాత గమనిస్తే, ఒక సహాయ నటుడి పేరులో మన వ్యాసంలో ఉన్న అక్షరదోషమే ఆ సైట్లన్నిటిలోనూ ఉంది. అంటే అవన్నీ మన వ్యాసాన్నే ఎత్తి రాసుకున్నవి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే వ్యాస చరిత్ర తిరగవేస్తే, ఆ తేదీని మొదట చేర్చిన వాడుకరి ఏ ఆధారమూ ఇవ్వలేదు.

ఈ సందర్భంలో తొలి పూర్తి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" గుర్తుకు రాక మానదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు ఒకరిని చూసి ఒకరు రాస్తూ వచ్చారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ నాటి ఆధారాలు వెదికి, 1932 జనవరి 22న సెన్సారు పూర్తయిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందనీ చూపారు. సెన్సారు తేదీ ఒక్కటి తెలిస్తే చాలు, అంతకు ముందరి విడుదల తేదీలన్నీ వాటంతట అవే రాలిపోతాయి.

గీత రచయితల పేర్లు, పాటల వరుస వంటివి పాటల పుస్తకంతో సులువుగానే తేలాయి. వ్యాసంలో ఆధారాలుగా ఇచ్చినా ఇప్పుడు పనిచేయని లంకెలలో కొన్నిటికి, వెబ్‌పేజీల పాత ప్రతులను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో ప్రతులు దొరికాయి. దొరకని వాటిపై ఆధారపడిన వాక్యాలను, వాటిలో రెండు నాకెంతో ఇష్టమైనవే అయినా, వ్యాసం గురించి వాడుకరులు మాట్లాడుకునే చర్చా పేజీలోకి తరలించాను. వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే సమాచారపెట్టెలో విడుదల తేదీ వద్ద ప్రస్తుతానికి సంవత్సరం మాత్రమే ఉంది. ఆ ఏటి సినిమా పత్రికల స్కాన్లు ఇంకా చూస్తున్నాను.