మనుషుల మెయిల్స్ వేరు, మెషీన్ల మెయిల్స్ వేరు

ఈమెయిల్ పని అయిపోయింది, ఇప్పుడంతా వాట్సాపే అని ఎవరన్నా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తగ్గిపోయింది మెయిల్ కాదు, మెయిల్లో మనుషులు ఒకరికొకరు రాసుకోవడం. ఇన్‌బాక్స్ అయితే రోజూ నిండుతూనే ఉంది. కాకపోతే నింపుతున్నది చాలావరకు మెషీన్లు. కొన్నదానికి రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, కొత్త ఫోన్‌లో లాగిన్ అయ్యారని హెచ్చరిక, ఎప్పుడో ఒక్కసారి వాడిన యాప్ నుంచి ఆఫర్లు, ఇవన్నీ వచ్చి పడుతుంటే వాటి మధ్య ఎక్కడో ఒక మనిషి కూర్చుని రాసిన నాలుగు లైన్లు ఉంటాయి. మెయిల్ తెరవాలంటేనే వచ్చే టెన్షన్‌లో సగం, ఈ రెండు రకాలూ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో కనబడటం వల్లే అని నా నమ్మకం. అందుకే ఇన్‌బాక్స్ ఎలా సర్దుకోవాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: ముందు మనుషుల మెయిల్స్‌ని వేరు చేయండి, మిగతా సంగతులు తర్వాత.

ఈ కలగలుపు ఇవాళ మొదలైంది కాదు. 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీర్, ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి పక్కనున్న ఇంకో కంప్యూటర్‌కి మెసేజ్ పంపి చూశాడు. మనిషి పేరుకీ మెషీన్ పేరుకీ మధ్య @ గుర్తు పెట్టింది ఆయనే. ఏడేళ్లు తిరిగేసరికి, 1978 మే 3న, డెక్ అనే కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్, కొత్త మోడల్స్ చూడటానికి రమ్మని కొన్ని వందల మందికి ఒకేసారి మెయిల్ కొట్టాడు. చాలామంది మండిపడ్డారు. అమ్మకాలు మాత్రం బాగానే జరిగాయని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అంటే మనిషి ఉత్తరం, ప్రచారం ఉత్తరం మొదటి దశాబ్దం నుంచే పక్కపక్కన ఉన్నాయన్నమాట.

మెయిల్ కట్టిన పద్ధతే అలాంటిది మరి. అడ్రస్ తెలిస్తే చాలు, ప్రపంచంలో ఎవరైనా మీకు రాయొచ్చు, ముందుగా మీ అనుమతి అక్కర్లేదు. మీది జీమెయిల్, అవతలివాళ్లది ఔట్‌లుక్, ఇంకొకరిది సొంత సర్వర్, అయినా ఉత్తరం చేరుతుంది. ఎందుకంటే మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఎలా చేరాలో చెప్పే ఎస్‌ఎంటీపీ రూల్స్, 1982లో జాన్ పోస్టెల్ రాసిపెట్టినవి, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. తర్వాత చాలా మార్పులు జరిగాయి గానీ మూలం అదే. చెత్త వచ్చిపడేది ఆ తెరిచి ఉన్న దారినే, ఏ కంపెనీ మెయిల్ వాడేవాళ్లకైనా మనం రాయగలిగేదీ ఆ దారినే. ఒకటి కావాలంటే రెండోది భరించాలి. నాకైతే భరించడమే నయం అనిపిస్తుంది.

ఎందుకో చెప్తాను. ఐసీక్యూ అనే చాట్ ప్రోగ్రామ్ 1996లో వచ్చింది. తర్వాత ఏఓఎల్ మెసెంజర్, యాహూ మెసెంజర్, ఎంఎస్‌ఎన్ మెసెంజర్ వరుసగా వచ్చాయి. ఒక తరం స్నేహాలన్నీ వాటిలోనే నడిచాయి. 2004లో వచ్చిన ఆర్కుట్ అనే సోషల్ సైట్‌లో ఒకరి పేజీలో ఒకరు స్క్రాప్‌లు, అంటే చిన్న మెసేజ్‌లు, రాసుకున్నాం. ఇప్పుడు వాటిలో ఏది మిగిలింది? ఆర్కుట్ 2014లో మూసేశారు. ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబర్‌లో, యాహూ మెసెంజర్ 2018 జూలైలో, ఐసీక్యూ 2024 జూన్‌లో పోయాయి. యాహూ మెసెంజర్ పోయింది, యాహూ మెయిల్ మాత్రం ఇంకా నడుస్తోంది. చాట్ అనేది ఆ కంపెనీ ఉన్నంతవరకే, వాళ్లు మనసు మార్చుకోనంతవరకే. నా దగ్గర ఒక స్నేహితురాలు చాలా ఏళ్ల కిందట రాసిన మెయిల్స్ ఉన్నాయి. ఒకదాన్లో కొత్త ఉద్యోగం గురించి పెద్ద పేరా రాసి, దాని కిందే "పైదంతా తీసేద్దామనుకున్నాను, కానీ నీకే కదా, ఉంచేస్తున్నా" అని రాసింది. అదే రోజుల్లో మేమిద్దరం రాత్రుళ్లు మెసెంజర్‌లో మాట్లాడుకున్న మాటలు ఒక్కటీ లేవు. మెయిల్స్ మాత్రం వెతికితే రెండు సెకన్లలో వస్తాయి.

చాట్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. "బయల్దేరావా?" అని అడగడానికి మెయిల్ ఎవరు రాస్తారు? కానీ చాట్ మన ఓపికని మార్చేసింది, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. మెయిల్ పంపితే రేపో, నాలుగు రోజులకో జవాబు వచ్చేది, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. 2014 నవంబర్‌లో వాట్సాప్‌లో నీలం టిక్కులు వచ్చాక, చూసి కూడా జవాబివ్వలేదన్నది ఒక నేరం అయిపోయింది. ఎవరో "ఒక చిన్న డౌట్" అని పెడతారు. చెప్పండి అంటాం. పైన టైపింగ్ అని కనిపిస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ కనిపిస్తుంది, మనం చేతిలో పని ఆపి ఆ అక్షరాలకేసి చూస్తూ కూర్చుంటాం, ఇంతలో వాళ్లకి ఏదో పనిబడి వెళ్లిపోతారు. ఆ డౌటేంటో సాయంత్రానికి తెలుస్తుంది. అదే మెయిల్లో అయితే డౌట్ మొత్తం ఒకేసారి రాయాల్సి వచ్చేది, రాసేటప్పుడే సగం సార్లు వాళ్లకే జవాబు తట్టేది కూడా.

సరే, విడదీయడం ఎలాగో చూద్దాం. నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఒకటుంది. మీ మెయిల్ సెర్చ్ పెట్టెలో ఇంగ్లిష్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ (unsubscribe) అన్న మాట కొట్టి వెతకండి. పెద్ద ఎత్తున పంపే మెయిల్స్‌లో దాదాపు అన్నిటి అడుగునా ఆ మాట ఉంటుంది కాబట్టి మెషీన్ల మెయిల్స్ చాలావరకు ఒక్కసారే బయటపడతాయి. అప్పుడు ఎవరెవరు పంపుతున్నారో పేర్లు చూసుకుంటూ పోవాలి. ఇక అక్కర్లేదనుకున్నవి ఆపేయండి. ఇది ఒకప్పుడు పెద్ద తలనొప్పి, లాగిన్ అవమనేవారు, కారణం చెప్పమనేవారు. 2024లో గూగుల్, యాహూ పెట్టిన రూల్స్ వల్ల ఇప్పుడు సులువైంది. జీమెయిల్ అడ్రస్‌లకి రోజుకి 5,000 దాటి మెయిల్స్ పంపేవాళ్లు ప్రచారం మెయిల్స్ ఒక్క క్లిక్‌తో ఆపుకునే వీలివ్వాలి, క్లిక్ చేసిన రెండు రోజుల్లోపు ఆపాలి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మీకు పేరు కూడా తెలియనివాళ్లు పంపిన మెయిల్లో ఆ లింకు నొక్కకండి, ఈ అడ్రస్ బతికే ఉందని వాళ్లకి మనమే చెప్పినట్టవుతుంది. దాన్ని స్పామ్ అని గుర్తుపెట్టి వదిలేయండి.

రసీదులు, స్టేట్‌మెంట్లు ఆపలేం, ఆపకూడదు కూడా. వాటికి ఫిల్టర్ పెట్టి ఇన్‌బాక్స్‌కి రాకుండా నేరుగా ఒక లేబుల్ కిందకి పోయేలా చేసుకుంటే చాలు, కావాల్సిన రోజున వెతుక్కోవచ్చు. జీమెయిల్లో ఇంకో సౌకర్యం ఉంది, చాలామంది వాడరు. మీ అడ్రస్‌లో @ కి ముందున్న పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా, ఉదాహరణకి షాపింగ్ అని, ఆ మెయిల్ మీకే వస్తుంది. కొత్త వెబ్‌సైట్లలో అలా ఇస్తే తర్వాత ఫిల్టర్ పెట్టడం తేలిక, అడ్రస్ ఎవరి దగ్గర్నుంచి బయటికి పొక్కిందో కూడా తెలుస్తుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, అక్కడ చేయగలిగింది లేదు. ఇవన్నీ అయ్యాక ఫోన్‌లో నోటిఫికేషన్ మనుషుల మెయిల్స్‌కి మాత్రమే మోగేలా పెట్టుకోండి. నా రోజు మారింది ఈ ఒక్కదానితోనే.

స్టోరేజీ గురించి క్లుప్తంగా. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక జీబీ ఇస్తామన్నప్పుడు చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు, ఎందుకంటే అప్పటికి హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ. ఆ రోజు నుంచి డిలీట్ చేసే అలవాటే పోయింది. ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిల్‌తో పాటు ఫొటోలూ ఫైళ్లూ అన్నీ కలిసే ఉంటాయి, నిండిపోతే కొత్త మెయిల్ రావడమే ఆగిపోవచ్చు. చిన్న మెయిల్స్ వేలకు వేలు తీసేసినా పెద్దగా లాభం ఉండదు. బరువంతా అటాచ్‌మెంట్లదే. మెయిల్ మొదట్నుంచీ అక్షరాల కోసమే కట్టింది కాబట్టి ఫొటో అయినా వీడియో అయినా అక్షరాలుగా మార్చే పంపుతారు, దానివల్ల సైజు మూడో వంతు పెరుగుతుంది. సెర్చ్‌లో 10 ఎంబీ దాటినవి మాత్రమే చూపించమని అడిగి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇన్‌బాక్స్ జీరో, అంటే ఇన్‌బాక్స్‌లో ఒక్క మెయిల్ కూడా మిగలకూడదు, అని పట్టుపట్టేవాళ్లకి ఒక మాట. ఆ పేరు తెచ్చిన రచయిత మెర్లిన్ మాన్ చెప్పింది మెయిల్స్ లెక్క సున్నా చేయమని కాదు, మన ధ్యాస ఆ పెట్టెలో ఎంత ఇరుక్కుందో దాన్ని తగ్గించుకోమని. చదవనివి వేలల్లో ఉన్నా అవన్నీ మెషీన్లవే అయితే నిశ్చింతగా నిద్రపోండి. మనిషి రాసింది ఒక్కటి జవాబు లేకుండా ఉంటే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మనం రాసేవాటి గురించి. సబ్జెక్ట్ లైన్‌లో "మీటింగ్ గురించి" అని రాసి వదిలేస్తే అవతలివాళ్లు తెరిచి, చదివి, ఏం కావాలో వెతుక్కోవాలి. "గురువారం మీటింగ్ 4 గంటలకి మార్చొచ్చా? రేపటిలోగా చెప్పండి" అని రాస్తే తెరవకముందే సగం పని అయిపోతుంది, ఆరు నెలల తర్వాత వెతికినా దొరుకుతుంది. జవాబు ఎవరివ్వాలో వాళ్ల పేరే టు లో ఉండాలి, ఊరికే తెలియాల్సినవాళ్లు సీసీలో. నలుగురినీ టు లో పెడితే మిగతావాళ్లు ఇస్తారులే అని నలుగురూ ఊరుకుంటారు. "ఓకే", "థాంక్స్" అని రిప్లై ఆల్ కొట్టడం మానేస్తే చాలామంది మనకి మనసులోనే దండం పెడతారు. అలాగే చాట్‌లోనో ఫోన్‌లోనో ఏదైనా పని, డబ్బు, తేదీ ఒప్పుకున్నాక "మనం అనుకున్నది ఇదీ" అని మూడు లైన్లు మెయిల్ పెట్టడం నేను తప్పనిసరిగా చేస్తాను. ఇందులో అనుమానమేమీ లేదు, ఇద్దరికీ గుర్తుండే చోటు ఒకటి కావాలి, అంతే.

పాత మెయిల్ అకౌంట్లున్నవాళ్లు ఒక పని వెంటనే చేయాలి. రెండేళ్లపాటు అసలు వాడని వ్యక్తిగత అకౌంట్లని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తొలగించడం మొదలుపెట్టింది, వాటితోపాటు లోపలున్న మెయిల్స్ కూడా పోతాయి. కాబట్టి కాలేజీ రోజుల అడ్రస్ ఏదైనా ఉంటే పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుని ఒకసారి లాగిన్ అవ్వండి, రికవరీ ఫోన్ నంబరు ఇప్పటిదేనా కాదా చూసుకోండి. తర్వాత మన డేటా కాపీ తీసుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకవుట్ అనే పేజీలోకి వెళ్లి మెయిల్స్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఎంబాక్స్ అనే రకం ఫైలు వస్తుంది, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌ని కంప్యూటర్‌లో పెట్టుకుని దానికి ఒక యాడాన్ వేసుకుంటే నెట్ లేకపోయినా అన్నీ చదువుకోవచ్చు. పనిలో పనిగా వాట్సాప్‌లో దగ్గరివాళ్ల చాట్‌లు కూడా ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫోల్డర్‌లోనే పెట్టండి.