రెండు సీసాల పొడి: కొత్త మేత దినుసుకు అనుమతి కోసం నా అనుభవం

నా టేబుల్ పక్కన కిటికీలో రెండు గాజు సీసాలు ఉంటాయి. ఒకదాంట్లో పల్చటి రేకులు, దోరగా వేయించిన రవ్వ రంగులో ఉంటాయి. మూత తీస్తే అట్టు కాస్త ఎక్కువ కాలినప్పుడు వచ్చే వాసన వస్తుంది. రెండో దాంట్లో మీగడ రంగు పొడి, వేళ్ల మధ్య పెట్టి నలిపితే జారిపోయేంత మెత్తగా ఉంటుంది. రెండూ ఒకే ఈస్ట్, ఒకే పద్ధతిలో పెంచినవి. ఆరబెట్టిన మెషీన్ ఒక్కటే వేరు. ఆ ఒక్క తేడా వల్ల మా ఫైలు దాదాపు ఏడాది ఆగింది.

నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి, పై చదువుకు అమెరికా వచ్చి, ఇప్పుడు కాన్సస్ సిటీ దగ్గర ఉంటున్నాను. పని చేసేది ఒక చిన్న కంపెనీలో. కలప నుంచి తీసిన చక్కెరల మీద ఒక రకం ఈస్ట్‌ను పెంచి, రెయిన్‌బో ట్రౌట్ చేపల మేతలో ఫిష్‌మీల్‌కు (ఎండు చేపల పొడికి) బదులుగా వాడాలన్నది మా ప్రయత్నం. దానికి అనుమతి తెచ్చే పని నాకు అప్పగించారు.

ఇక్కడి చట్టంలో పశువుల మేత కూడా ఆహారమే. అందులో కావాలని కలిపే ప్రతి దినుసూ సురక్షితమని ముందే తేలాలి. దానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఫుడ్ అడిటివ్ పిటిషన్ పెట్టుకోవచ్చు. లేదా నిపుణులందరూ సురక్షితమని ఒప్పుకునే పదార్థమని గ్రాస్ పద్ధతిలో చూపించవచ్చు. ఇవి కాక ఆఫ్కో దారి ఉంది. ఆఫ్కో అంటే అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ ఫీడ్ కంట్రోల్ అఫీషియల్స్. 1909లో మొదలైన ఈ సంఘం తనంతట తాను ప్రభుత్వ శాఖ కాదు. రాష్ట్రాల్లో మేతను తనిఖీ చేసే అధికారులే దీని సభ్యులు. ఏ దినుసును ఏ పేరుతో పిలవాలి, దేన్ని ఏ జంతువుకు పెట్టవచ్చు అన్న నిర్వచనాలను ఏటా పుస్తకంగా వేస్తారు. చాలా రాష్ట్రాలు ఆ పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకుంటాయి. మేం ఈ దారినే ఎంచుకున్నాం.

ఈస్ట్‌లు కొన్ని ఆ పుస్తకంలో ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ మాది వేరే జాతి. జాతి మారితే పాత నిర్వచనం కింద అమ్మడం కుదరదు.

మా సీఈఓ మొదట అడిగిన ప్రశ్న నాకు ఇంకా గుర్తుంది. "డబ్బు మనం పెట్టి నిర్వచనం తెస్తే, రేపు అదే పద్ధతిలో తయారుచేసే ఎవరైనా వాడుకోవచ్చా?" వాడుకోవచ్చు. అది ఎవరి సొంతమూ కాదు. ఆయనకు అది నచ్చలేదు. నాకు మాత్రం అదే సరైనదనిపించింది. పుస్తకంలోకి ఎక్కేది కంపెనీ కాదు, పదార్థం.

మార్కెటింగ్ వాళ్లతో ఇంకో తగువు. ఈస్ట్ కణం గోడలో బీటా గ్లూకాన్లు ఉంటాయి కాబట్టి "చేపల్లో రోగనిరోధక శక్తి పెంచుతుంది" అని కరపత్రంలో వేద్దామన్నారు. ఆ మాట రాస్తే మన పొడి మేత కాదు, మందు అవుతుంది, మందుకు దారి వేరు అని చెప్పి ఆ లైను కొట్టేయించాను. మా ఫైల్లో ఈస్ట్ చేసే పని ఒక్కటే: ప్రొటీన్ ఇవ్వడం.

తొలి ఫైలు 2024 వేసవికి సిద్ధమైంది. ఆఫ్కోకు వచ్చే దినుసులను శాస్త్రీయంగా సమీక్షించే పని 2007 నుంచి ఒక ఒప్పందం ప్రకారం ఎఫ్‌డీఏ చేసేది. 2024 అక్టోబర్ 1తో ఆ ఒప్పందం ముగిసింది. ఎఫ్‌డీఏ సొంతంగా ఒక సంప్రదింపుల పద్ధతి పెట్టుకుంది. ఆఫ్కో సమీక్ష కోసం కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ఒలాథే క్యాంపస్‌తో చేతులు కలిపింది. కొన్నాళ్లు మాకు టెన్షన్‌గానే గడిచింది. చివరికి ఒలాథే వైపే వెళ్లాం.

సమీక్షకుల ప్రశ్నలు వచ్చిన రోజు ప్రింటు తీసుకుని కూర్చున్నాను. మొదటిది ప్రొటీన్ గురించి. ల్యాబులో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. ఈస్ట్‌లో న్యూక్లిక్ యాసిడ్లు ఎక్కువ, పొడి బరువులో 6 నుంచి 12 శాతం దాకా ఉండొచ్చు. వాటిలోనూ నైట్రోజన్ ఉంటుంది. అంటే మేం ప్రొటీన్ అని చెప్పిన దాంట్లో కొంత ప్రొటీన్ కానే కాదు. అమైనో యాసిడ్లు విడివిడిగా కొలిచి, న్యూక్లిక్ యాసిడ్ల లెక్క వేరుగా చూపించమన్నారు.

ఇది చాదస్తం అనుకునేవాళ్లకు 2007 గుర్తుచేస్తాను. ఆ ఏడాది చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపారు. అందులో నైట్రోజన్ ఎక్కువ కాబట్టి పరీక్షలో ప్రొటీన్ ఎక్కువ చూపించింది. ఆ గ్లూటెన్ వేసిన మేత తిని ఇక్కడ కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. నైట్రోజన్‌ను చూసి ప్రొటీన్ అని నమ్మడం ఎంత ప్రమాదమో అప్పుడు అందరికీ తెలిసింది.

రెండో ప్రశ్న ఒక్క లైనే. "చేపలకు పెట్టిన బ్యాచ్‌లను ఏ డ్రయ్యర్‌లో ఆరబెట్టారు?"

గుండె జారిపోయింది. మేత పరీక్ష చేసే నాటికి మాకు సొంత ప్లాంటు లేదు. బయట ఒక కాంట్రాక్టు ప్లాంటులో డ్రమ్ డ్రయ్యర్ మీద ఆరబెట్టించాం. మొదటి సీసాలో ఉన్న రేకులు అవే. తర్వాత సొంత ప్లాంటులో స్ప్రే డ్రయ్యర్, అంటే వేడిగాలిలో చిలకరించి ఆరబెట్టే మెషీన్, పెట్టాం. రెండో సీసాలోది ఆ పొడి. ఫైల్లో తయారీ పద్ధతి అన్నచోట స్ప్రే డ్రయ్యర్ రాశాం, పరీక్ష ఫలితాలు మాత్రం రేకులవి. మూడు వందల పేజీల ఫైలును నేనే నాలుగుసార్లు చదివాను. నా కంట పడలేదు.

"కొత్త పొడి ఇంకా మంచిది కదా, ఇబ్బంది ఏముంది?" అన్నారు మా వాళ్లు. ఒకవైపు నుంచి చూస్తే నిజమే. వేడి డ్రమ్ముకు అంటుకుని ఆరేటప్పుడు లైసిన్ అనే అమైనో యాసిడ్ చక్కెరలతో కలిసి బిగుసుకుపోతుంది. ఆ కాలిన వాసన, గోధుమరంగు అందుకే. మామూలు పరీక్షలో ఆ లైసిన్ లెక్కకు వస్తుంది గానీ చేప ఒంటికి పట్టదు. స్ప్రే డ్రయ్యర్‌లో ఆ నష్టం తక్కువ. కానీ వేడి తగ్గితే ఈస్ట్ కణాలు కొన్ని బతికి ఉండవచ్చు. మేం రాసింది చచ్చిన కణాల పొడి అని.

సూక్ష్మజీవులను పెంచి చూసే అగర్ ప్లేట్ల మీద పొడిని పరిచి ఇంక్యుబేటర్‌లో పెట్టాం. మూడో రోజు పొద్దున్నే వెళ్లి దీపం కింద పట్టుకుని చూశాను. అంచు దగ్గర ఆవగింజంత తెల్లటి చుక్కలు రెండు. నున్నగా, ఉబ్బుగా ఉన్నాయి. మన ఈస్టే.

ఆ రెండు చుక్కలు చూశాక ఇంకెవరూ వాదించలేదు. డ్రయ్యర్‌లోకి వెళ్లేముందు ఈస్ట్ ద్రవాన్ని వేడిచేసి కాసేపు నిలిపే ఏర్పాటు పెట్టాం. ఆ తర్వాత వరసగా మూడు బ్యాచ్‌లు ప్లేట్ మీద ఏమీ మొలవకుండా వచ్చాయి. ఆ బ్యాచ్‌లతోనే భార లోహాలు, బూజు విషాలు, తేమ, నిల్వ పరీక్షలన్నీ మళ్లీ మొదలుపెట్టాం. ట్రౌట్ పిల్లలకు పన్నెండు వారాల మేత పరీక్ష కూడా మళ్లీ చేశాం. బరువు, తిన్న మేతకు పెరిగిన కండ, కాలేయం, పేగుల నుంచి తీసిన పల్చటి ముక్కలు అన్నీ చూశాం.

ఆ పన్నెండు వారాలూ నాకు మా ఊరు గుర్తొచ్చేది. గుడివాడ దగ్గర మా ఇంట్లో రెండు గేదెలు ఉండేవి. వేరుశనగ చెక్క తెస్తే మా అమ్మ ముక్క విరిచి ముందు వాసన చూసేది. లోపల పచ్చగా బూజు కనిపిస్తే దాన్ని కుడితి తొట్టిలో వేయనిచ్చేది కాదు, పెంటకుప్ప మీద పారేయించేది. కొన్న డబ్బు పోతోందని నాన్న విసుక్కునేవారు. వెటర్నరీ కాలేజీలో చేరాక చదివాను: 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం బయటపడింది అలాగే. పశువు తింటే అది ఇంకో రూపంలో పాలలోకి కూడా వస్తుంది. ఆ పాఠం చదివిన రాత్రి హాస్టల్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను.

అందుకే సమీక్షకుల మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. మేత బస్తాలో ఏముందో చేపకు తెలియదు, దాన్ని పెంచే రైతుకూ తెలియదు. 1973లో మిషిగన్‌లో మెగ్నీషియం ఆక్సైడ్‌కు బదులు మంటలను ఆపే రసాయనం పొరపాటున పశువుల మేతలో కలిసింది. ఆ పాలు, మాంసం జనం తిన్నాక, నెలలు గడిచాక గానీ విషయం బయటపడలేదు. బస్తా మీద పేరు, లోపలి పదార్థం ఒకటేనా అని ఎవరో ఒకరు అడగాలి. మమ్మల్ని అడిగారు.

రెండోసారి పంపిన ఫైలుకు చిన్న చిన్న ప్రశ్నలే వచ్చాయి. సమీక్ష పూర్తయ్యాక ప్రతిపాదన ఆఫ్కోలో దినుసుల నిర్వచనాలు చూసే కమిటీకి వెళ్లింది. మేం తెచ్చుకోగలిగింది, చివరికి లెక్కపెడితే, నాలుగు లైన్లు. ఫలానా ఈస్ట్, ప్రాణం లేని ఎండు కణాలు, ఇంత శాతానికి తగ్గని ప్రొటీన్, రెయిన్‌బో ట్రౌట్ మేతలో ఇంత శాతం లోపు. "ప్రాణం లేని" అన్న మాట దగ్గర నాకు ఆ రెండు తెల్ల చుక్కలు కనిపిస్తాయి. కమిటీలో ఓటు దాటిన సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను.

"మంచిది నాన్నా. మరి ఆ పొడి మన గేదెలకి పెట్టొచ్చా?" అంది.

"లేదమ్మా. ట్రౌట్ చేపలకి మాత్రమే చూశాం."

"అయితే గేదెలకి కూడా చూడు," అంది.