ఖాళీ గడిలో సున్నా రాయకూడదు

జూన్ 30, కడప

మూడు నెలల గడువు నేటితో సరి. ఎక్స్‌రే, సీటీ వాళ్ల ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో (డోసు) కొలిచే బ్యాడ్జిల్లోని టీఎల్‌డీ కార్డులు విప్పి ల్యాబుకు కట్టాలి, రేపట్నుంచి కొత్తవి.

కార్డంటే నికెల్ పూత వేసిన అల్యూమినియం పలక, దానికి మూడు టెఫ్లాన్ బిళ్లలు. వాటిలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ ఉంటుంది. హోల్డరులో ఒక బిళ్ల లోహపు రేకుల కింద, ఒకటి ప్లాస్టిక్ కింద, మూడోది తెరిచిన కిటికీ కింద కూర్చుంటాయి. ల్యాబులో వేడి చేస్తే బిళ్ల వెలుగుతుంది, ఆ వెలుగును బట్టి డోసు. తగిలిన రేడియేషన్ బీటానో, ఎక్స్‌రేనో, గామానో మూడింటి తేడాలో తెలుస్తుంది. కార్డు తిరగబడి కూర్చుంటే ఆ లెక్కంతా పోతుంది.

కంట్రోల్ కార్డు, అంటే ఎవరూ పెట్టుకోకుండా రేడియేషన్ పనికి దూరంగా ఉంచే కార్డు, విషయంలో గట్టిగా ఉండాలి. దాని రీడింగును అందరి రీడింగుల్లోంచి తీసేస్తారు. దాన్ని ఎక్స్‌రే గది గోడకే తగిలిస్తే అందరి డోసూ లేనట్టే కనిపిస్తుంది. బ్యాడ్జి లెడ్ ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర ఉండాలి. ఏప్రాన్‌తో పాటే గదిలో వేలాడదీసి ఇంటికెళ్తే, మనిషి లేకపోయినా డోసు ఎక్కుతూనే ఉంటుంది. మన దేశంలో ఈ పని చేసేవాళ్లకు డోసు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.

కార్డు పోతే రిజిస్టరులో ఆ గడిలో "సున్నా వేసెయ్ నా, ఏమైతాది" అంటారు. వేయకూడదు. పోయిందని రాసి, ఆ మూడు నెలల్లో ఏ పని ఎంత చేశారో పక్కనే రాయాలి. అదే పని చేసినవాళ్ల రీడింగుతో అంచనా కట్టొచ్చు.

1946 జులైలో బికినీ దీవి దగ్గర అమెరికా చేసిన క్రాస్‌రోడ్స్ అణు పరీక్షలు చూస్తే ఇదెంత ముఖ్యమో తెలుస్తుంది. సుమారు 42,000 మంది పాల్గొంటే ఫిల్మ్ బ్యాడ్జి (రేడియేషన్ తగిలితే నల్లబడే ఫిల్మ్ ఉన్నది) అందింది దాదాపు 15 శాతం మందికే. గుంపులో ఒకరికి బ్యాడ్జి పెట్టి, ఆ అంకెనే మిగతావాళ్లకూ వర్తింపజేశారు. రోజుకు 0.1 రాంట్‌జెన్ (అప్పటి రేడియేషన్ కొలత) హద్దు. జులై 25 నాటి బేకర్ పేలుడు నీటి అడుగున జరగడంతో రేడియోధార్మిక నీళ్లు ఓడల మీద పడ్డాయి. డెక్కులు కడిగినవాళ్ల ఊపిరితో లోపలికి పోయిన ప్లుటోనియం వదిలే ఆల్ఫా రేడియేషన్‌ను ఛాతీ మీది ఫిల్మ్ చూడలేదు. పైగా తేమ, వేడి, వెలుతురు తగిలినా ఫిల్మ్ నల్లబడుతుంది, అది డోసులా కనబడుతుంది.

బ్యాడ్జి లేనివాళ్ల డోసు తర్వాత ఓడల లాగ్‌బుక్కులతో కట్టాల్సి వచ్చింది: ఎక్కడున్నాడు, ఎంతసేపు, పేలుడైన ఎన్ని గంటలకు. పేలుడు తర్వాత గడిచిన కాలం ఏడింతలైతే రేడియేషన్ తీవ్రత సుమారు పదోవంతుకు పడుతుంది. పేలుడైన ఒక గంటకు 100 ఉన్నది 7 గంటలకు 10, 49 గంటలకు 1. మొదటి గంటల్లో ఓడ ఎక్కినవాడి టైము అరగంట తప్పు రాసినా డోసు బాగా మారిపోతుంది. 1973లో సెయింట్ లూయిస్ అగ్నిప్రమాదంలో కోటిన్నరకు పైగా ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లు కాలిపోయాక ఆర్మీవాళ్లలో ఎవరు ఏ యూనిట్లో ఉన్నారో తేల్చడమే కష్టమైంది.

అందుకే ఇక్కడి రిజిస్టరు రెండు ప్రతులు, వేర్వేరు గదుల్లో.