డయల్ గేజితో మొదలుపెట్టి: పర్లాకిమిడిలో మా ఇంటి సీఎన్‌సీ మిషను

ఇంట్లో చిన్న సీఎన్‌సీ మిషను, అంటే కంప్యూటరు చెప్పినట్టు కోసే, చెక్కే మిషను పెట్టుకుని, ఇక దాన్ని పెద్దది చేద్దాం అనుకునేవాళ్ళు ముందు మోటార్ల సంగతే మాట్లాడతారు. నేను మాత్రం ముందు వెంట్రుకవాసి కదలికని కూడా ముల్లుతో చూపించే డయల్ గేజి కొన్నాను, దానికో అయస్కాంతం స్టాండు. పాత ఇనుము కొనే కుర్రాడి దగ్గర కొక్కెం కాటా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఈ రెండూ లేకపోతే తర్వాత పెట్టిన లక్ష పైచిలుకులో సగం గాలికి పోయేది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రమే గానీ బజారులో తెలుగు వినబడని వీధి ఉండదు. సరిహద్దు దాటితే పాతపట్నం. నాకు ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు రిపేరు చేసే షాపుంది. కరెంటు పని చేతిలో ఉంది, ఇనుము పని కొత్త. నేమ్‌ప్లేట్లు చెక్కుదామని 3018 కిట్టు తెప్పించుకున్నాను. 300 మిల్లీమీటర్లు ఇటు, 180 అటు కోస్తుంది, పేరు అందుకే అలా వచ్చింది. దాని బుర్రలో ఉన్నది జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాము. నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఆర్డునో అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద నడిచే చిన్న మిషన్లలో చాలావాటికి ఆధారం అదే.

మా ఊళ్ళో నేమ్‌ప్లేటు అంటే తెలుగూ ఉండాలి, ఒడియా కూడా ఉండాలి. వీ ఆకారపు టూలుతో చెక్కినప్పుడు లోతు పెరిగే కొద్దీ గీత లావవుతుంది. 90 డిగ్రీల టూలైతే లోతులో 0.2 మిల్లీమీటరు తేడా వస్తే చాలు, గీత 0.4 మారిపోతుంది. 3018 బల్ల ఒక పక్కకి వాలి ఉండడంతో పలక మీద తెలుగు బొద్దుగా, ఒడియా బక్కగా పడింది. లేత్ షాపు భాయి అది చూసి, "ఏంటి భాయీ, మా భాషకి అన్నం పెట్టలేదా?" అన్నాడు. బల్ల సంగతి సరిచేసుకోవచ్చు. అల్యూమినియం పెడితే మాత్రం మిషను మొత్తం గజగజ వణికేది.

అప్పుడే కాటా పట్టుకున్నాను. టూలుని తిప్పే మోటారుని స్పిండిల్ అంటారు. దాని చివర కొక్కెం తగిలించి రెండు కిలోలు చూపించేదాకా పక్కకి లాగాలి, గేజి ముల్లు ఎంత తిరిగిందో చూడాలి. గేజిలో ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు. ముల్లు దాదాపు 40 గీతలు తిరిగింది. గేజిని స్పిండిల్ పట్టే బ్రాకెట్టు మీద, తర్వాత అడ్డ రాడ్ల మీద, తర్వాత నిలువు పక్కపలకల మీద పెట్టుకుంటూ అదే పరీక్ష చేస్తే వంగుబాటులో ఎవరి వాటా ఎంతో తెలిసిపోతుంది. ఎక్కువ భాగం సన్నటి గుండ్రటి రాడ్లు మెలితిరగడం వల్ల, మిగిలింది స్పిండిల్‌ని పట్టుకున్న ప్లాస్టిక్ ముక్క వల్ల వచ్చింది. మోటారు వాటా ఏమీ లేదు. దానికి ఎంత పెద్ద మోటారు పెట్టినా అదే వణుకు ఉంటుంది, కాకపోతే ఇంకా బలంగా వణుకుతుంది.

కాబట్టి కొత్త ఫ్రేము. అడ్డంగా ఉండే వంతెన కదలకుండా, బల్ల మాత్రం కదిలే రకం ఎంచుకున్నాను. అలా చేస్తే కోసే జాగా తగ్గుతుంది, మిషను మాత్రం గట్టిగా ఉంటుంది. నాకు 300కి 300 చాలు. ఇనుప చదరపు ట్యూబులు కోయించి వెల్డింగు చేయించాం. వెల్డింగు అన్నాక ఇనుముని లాగేస్తుంది. ఎదురెదురు మూలల్లో చిన్నచిన్న టాకాలు వేయించి, చల్లారనిచ్చి, మళ్ళీ వేయించినా ఒక పక్క మిల్లీమీటరు పైనే లేచింది. అది ఊహించిందే. వణుకు తగ్గడానికి ట్యూబుల నిండా మహేంద్రతనయ ఇసుక పోశాను. పెనం మీద బాగా వేయించి చల్లార్చాకే పోయాలి. తడి ఉంటే లోపలినుంచే తుప్పు పడుతుంది. మా అమ్మ ఆ పెనాన్ని మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

బండి జారే ఉక్కు పట్టా, అదే లీనియర్ రైలు, వేయాలంటే దాని కింద ఉపరితలం అద్దంలా సమంగా ఉండాలి. విశాఖ తీసుకెళ్ళి పెద్ద మిల్లింగు మిషను మీద చదును చేయించవచ్చు. ఇసుకతో నిండిన ఆ ఫ్రేముని గుణుపూర్ పాసింజరులో ఎలా ఎక్కిస్తాం? అందుకే ఎపాక్సీ పోత పెట్టుకున్నాను. రెండు రైళ్ళు కూర్చునే చోట చుట్టూ టేపుతో గట్లు కట్టి, నెమ్మదిగా గట్టిపడే పలచటి ఎపాక్సీ పోస్తే నీళ్ళలాగే తనంతట తను సమం అవుతుంది. రెండు కాలువలనీ కలుపుతూ మధ్యలో ఒక అడ్డ కాలువ పెట్టడమే అందులో కిటుకు. అది ఉంటేనే రెండు పక్కలా మట్టం ఒకటవుతుంది. విడివిడిగా పోస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయి కూర్చుంటాయి.

వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దని అందరూ అంటారు, గాలిలో తేమ ఉంటే ఎపాక్సీ పైన జిడ్డు పొర కడుతుంది. నాకు తీరిక దొరికింది అప్పుడే. రెండు భాగాలూ తూకం వేసి, బుడగలు రాకుండా నిదానంగా కలిపి, సన్న ధారగా పోశాను. పైకి తేలిన బుడగల మీద హెయిర్ డ్రయ్యరు ఆడిస్తే పగిలిపోయాయి. అంతా బాగుందనుకునేసరికి ఉసిళ్ళు వచ్చాయి. ట్యూబులైటు చుట్టూ ముసురుకుని ఒక్కొక్కటే రాలడం మొదలుపెట్టాయి. లైటు ఆపేసి, ప్లాస్టిక్ షీటు గుడారంలా కట్టి, సెల్‌ఫోను వెలుతురులో పట్టకారుతో రెక్కలు ఏరాను. గట్టిపడ్డాక గేజి ఆడిస్తే రెండు కాలువల పొడుగునా ముల్లు మూడు నాలుగు గీతలకు మించి కదల్లేదు. ఒక ఉసిలి రెక్క మాత్రం ఇప్పటికీ ఎడమ రైలు పక్కన ఎపాక్సీలో ఉంది.

రైళ్ళు, బల్లనీ స్పిండిల్‌నీ నడిపే బాల్‌స్క్రూలు అనే మరలు విశాఖ నుంచి పాతపట్నంలో మా బావ ఇంటికి తెప్పించుకున్నాను. "ఏటి బావా, ఫిరంగి గానీ కడతన్నావా?" అని ఫోను. పదిహేను సైజు రైలు, 1605 బాల్‌స్క్రూ, అంటే 16 మిల్లీమీటర్ల లావు, ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్ల నడక. మొదటి రైలుని స్ట్రెయిట్ ఎడ్జి ఆనించి బిగించి, దాని బండి మీద గేజి స్టాండు పెట్టి, ముల్లు రెండో రైలు పక్క తగిలేలా నడిపించాలి. 60 మిల్లీమీటర్లకొక బోల్టు ఉంటుంది. ముల్లు చూస్తూ ఒక్కో బోల్టు బిగించుకుంటూ పోవాలి. ఇందులో తొందర పనికిరాదు. బండి చివరిదాకా వేలితో తోస్తే ఒకే బరువుతో కదలాలి.

మిగతా బిగింపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నీమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు, వాటిని నడిపే డీఎం542 డ్రైవర్లు. మోటారు చుట్టుకి 200 స్టెప్పులు వేస్తుంది, ఒక్కో స్టెప్పుని ఎనిమిది ముక్కలు చేస్తే 1600. దాన్ని 5తో భాగిస్తే మిల్లీమీటరుకి 320, జీఆర్‌బీఎల్‌లో రాయాల్సింది అదే. స్పిండిల్ నీళ్ళతో చల్లబడే 1.5 కిలోవాట్లది. నీళ్ళకి ఎయిర్ కూలరు పంపే సరిపోయింది. స్పిండిల్ వైర్లు తగిలించే ముందు వీఎఫ్‌డీలో, అంటే స్పిండిల్ వేగాన్ని మార్చే పెట్టెలో, బేస్ ఫ్రీక్వెన్సీ 400 హెర్ట్జ్ అని రాయాలి, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఆ మోటారు 400 హెర్ట్జ్ దగ్గరే నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతుంది. వీఎఫ్‌డీ 50 మీద ఉండిపోతే తక్కువ వేగంలోనే పూర్తి వోల్టేజి ఇచ్చి వైండింగు కాల్చేస్తుంది. మోటార్లు చుట్టేవాళ్ళకి ఈ వాసన బాగా తెలుసు.

సరే, అంతా కలిపి నడిపాను. ఉత్తినే అటూఇటూ తిరిగితే బంగారంలా తిరుగుతోంది. స్పిండిల్ ఆన్ చేయగానే 'అలారం 1' అని ఆగిపోతోంది. బండి అంచుకి చేరితే ఆపే లిమిట్ స్విచ్చి తగిలిందని దాని అర్థం. బండి చూస్తే బల్ల నడిమధ్యలో ఉంది, ఏ స్విచ్చీ తగల్లేదు. ఇది మన ఇలాకా అనిపించి ఉత్సాహం వచ్చింది, ఆ తర్వాత టెన్షనూ వచ్చింది.

వీఎఫ్‌డీ కరెంటుని సెకనుకి వేలసార్లు కోసి ఇస్తుంది. ఆ గోల పక్క వైర్లలోకి ఎక్కుతుంది. ఆర్డునో స్విచ్చి పిన్ను దగ్గర చాలా బలహీనమైన కరెంటు ఉంటుంది కాబట్టి ఆ గోలనే స్విచ్చి అనుకుంటుంది. మార్పులన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదని ఒక్కొక్కటే చేసుకుంటూ వెళ్ళాను. ముందు లాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే అలారం కాస్త ఆలస్యంగా వచ్చింది. స్పిండిల్‌కి జాలీ ఉన్న నాలుగు తీగల కేబులు వేసి, జాలీని ఎర్తుకి కలిపాను. స్విచ్చి వైర్లు మెలిపెట్టి స్పిండిల్ కేబులుకి దూరంగా నడిపాను. స్విచ్చిల్ని ఎప్పుడూ కలిసి ఉండి తగిలితే విడిపోయే పద్ధతికి మార్చి, మధ్యలో వెలుతురుతో సిగ్నలు దాటించే ఆప్టోకప్లర్లు పెట్టాను. చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

చివరికి న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య మీటరు పెడితే పది వోల్టుల దాకా చూపించింది. ఇల్లు కట్టినప్పటి ఎర్తు గుంత అది, ఎప్పుడో ఎండిపోయింది. పెరట్లో కొత్త గుంత తవ్వించి, రాగి పలక దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, దాన్నుంచి మిషను ఫ్రేముకి విడిగా లావుపాటి తీగ లాగాను. ఆ సాయంత్రం నుంచి మళ్ళీ అలారం లేదు. షాపుకి వచ్చేవాళ్ళకి ఎర్తింగు గురించి పదేపదే చెప్పే మనిషిని నేనే కదా, మా ఆవిడ దాన్ని ఇంకా వదల్లేదు.

మిగిలింది స్పిండిల్ నిటారు. స్పిండిల్‌కి కమ్మీ బిగించి చివర గేజి కట్టి, చేత్తో గుండ్రంగా తిప్పుతూ బల్ల నాలుగు దిక్కులా ముల్లు ఒకేలా ఉందా అని చూడాలి. లేకపోతే బిగించే చోట రేకు ముక్క సర్దాలి. కూల్‌డ్రింకు డబ్బా రేకు దాదాపు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, కత్తెరతో తెగుతుంది, అంతకన్నా ఏం కావాలి? తర్వాత బల్ల మీద చెక్క వేసి, దాని పైభాగాన్ని మిషను చేతే గీయించాను. ఆ రోజు చెక్కిన పలక మీద తెలుగూ ఒడియా సరిసమానంగా బలిశాయి. భాయి చూసి తల ఊపాడు.

కాటా పరీక్షలో ఇప్పుడు రెండు కిలోలకి మూడు గీతల లోపే. 6061 రకం అల్యూమినియాన్ని ఒంటి అంచు టూలుతో, 18,000 చుట్ల మీద, నిమిషానికి 540 మిల్లీమీటర్ల నడకతో, కాస్త కిరసనాయిలు చుక్కలు వేసుకుంటూ కోస్తున్నాను. స్పిండిల్ పట్టే పాత బ్రాకెట్టు తీసేసి, దాని స్థానంలో పెట్టిన పలకని ఈ మిషనే కోసుకుంది. భాయి షాపులో సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ, మా ఇంట్లో దసరాకి ఆయుధ పూజ. మా మిషనుకి ఈసారి రెండూ అయ్యాయి.

మా ఊరు కొమ్ము పనికి పేరు. కొంగలు, చేపలు, దువ్వెనలు చేసే పెద్దాయన ఒకరు వాటికి చెక్క పీఠాలు కావాలని వచ్చి, పనిలో పనిగా ఒక కొమ్ము ముక్క ఇచ్చి కోసి చూడమన్నారు. 18,000 మీద పెట్టగానే ఇల్లంతా ఒకటే వాసన. "ఏటి బాబూ, జుత్తు కాలిపోతంది" అన్నారాయన. నిజమే, జుట్టూ కొమ్మూ రెండూ కెరటినే. వేడికి కొమ్ము మెత్తబడి టూలుకి అంటుకుపోతుంది. వాళ్ళు సెగ చూపించి కొమ్ముని వంచేది కూడా ఆ గుణంతోనే. చుట్లు 8,000కి దించి, రెండంచుల టూలు పెట్టి, నడక నిమిషానికి 960కి పెంచితే పొడి బదులు చిన్న పెచ్చులు రాలాయి, వాసన తగ్గింది. వంకర ముక్కని బల్ల మీద పట్టి ఉంచడం ఎలాగని నేను తల గోక్కుంటుంటే, "లక్కలో కూచోబెట్టు, కంసాలి పట్టించినట్టు. పనయ్యాక చన్నీళ్ళలో ముంచి తట్టితే ఊడొచ్చేత్తది" అన్నారు. అలాగే ఊడొచ్చింది.

ఇప్పుడు మిషను ఎక్కువగా ఆయన పీఠాలే కోస్తోంది. కొమ్ము పెట్టిన రోజు మా ఆవిడ వంటింటి కిటికీ మూసేస్తోంది. అందుకని ముక్కని తిప్పుతూ కోసే నాలుగో యాక్సిస్ సంగతి పక్కన పెట్టి, ముందు దుమ్ము లాగే వాక్యూము కొంటున్నాను.