సికింద్రాబాదులో పునీత అన్నమ్మ పండుగ

జూలై 26న కథోలిక సంఘం పునీత జ్వాకీము, అన్నమ్మల పండుగ జరుపుకుంటుంది. వారు మరియమాతకు తల్లిదండ్రులు, యేసుకు అమ్మమ్మ, తాతయ్య. మా మేనకోడలు చదువుతున్న సికింద్రాబాదు కాన్వెంటు బడికి అన్నమ్మగారే పాలక పునీతురాలు. ఈసారి పిల్లల అమ్మమ్మలను, నాయనమ్మలను, తాతయ్యలను కూడా రమ్మని పిలవడంతో, అమ్మను వెంటబెట్టుకుని ముందురోజే ఖమ్మంలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వరంగల్ దాటాక పట్టిన ముసురు సికింద్రాబాదు స్టేషను దాకా వదలలేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేని మనిషైనా, అమ్మ ఆ సాయంత్రమే సెయింట్ మేరీస్‌కు వెళ్దామని పట్టుబట్టింది. 1850 నాటి ఆ గుడికి 2008లో, ముఖ్యమైన చర్చిలకు పోప్ ఇచ్చే బసిలికా హోదా వచ్చింది. చిన్నప్పుడు ఒకసారి చూశానని, ఆ ఎత్తైన గోపురాలే ఇప్పటికీ గుర్తున్నాయని చెబుతూ అక్కడ చాలాసేపు కూర్చుంది.

బడిని నడిపే సెయింట్ ఆన్స్ సిస్టర్ల సభ 1834లో ఇటలీలోని టూరిన్ నగరంలో పుట్టింది. దాన్ని స్థాపించిన కార్లో తాంక్రెది, జూలియా దంపతులకు సంతానం లేదు. టూరిన్ జైళ్లలోని ఆడఖైదీల బాగు కోసం జూలియా ఏళ్ల తరబడి పాటుపడ్డారు. పిల్లల కోసం ఎంతోకాలం కన్నీరు కార్చిందని సంప్రదాయం చెప్పే అన్నమ్మగారి పేరును, పిల్లలు లేని ఆ దంపతులు తమ సభకు పెట్టుకోవడం నన్ను కదిలించింది. అన్నమ్మ పేరు బైబిలులో ఎక్కడా లేదు. యాకోబు పేరిట చలామణిలో ఉన్న రెండో శతాబ్దపు రచన ద్వారానే ఆమె కథ మనకు అందింది. ఆ సభ సిస్టర్లు 1871లో సికింద్రాబాదు చేరి బాలికలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు.

పండుగనాడు ఉదయమే నవదిన ప్రార్థనల చివరి ప్రార్థన ముగించి, పిల్లలు పాటలు పాడుతూ అన్నమ్మగారి స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, ప్రదక్షిణగా హాలులోకి తెచ్చారు. దివ్యబలిపూజలో చదివిన మత్తయి సువార్త భాగం, ప్రవక్తలు చూడగోరి చూడలేకపోయినదాన్ని చూస్తున్న కన్నులు ధన్యమైనవని చెబుతుంది. మనవరాలిని మొదటిసారి ఒళ్లోకి తీసుకున్న ఏ అమ్మమ్మకైనా ఆ వాక్యం వేరే వివరించనక్కర్లేదని పూజ జరిపిన గురువుగారు ప్రసంగంలో అన్నప్పుడు, ముందు వరుసల్లోని ముసలివాళ్లు చాలామంది కళ్లు తుడుచుకున్నారు. పోప్ ఫ్రాన్సిస్ 2021లో ఈ పండుగకు దగ్గరగా వచ్చే జూలై నాలుగో ఆదివారాన్ని తాతయ్యల, అమ్మమ్మల, వృద్ధుల దినంగా నిర్ణయించిన సంగతి కూడా ఆయన గుర్తుచేశారు.

పూజ అయ్యాక అమ్మ నెమ్మదిగా స్వరూపం దగ్గరికి నడిచింది. ఆకుపచ్చ పైవస్త్రం కప్పుకున్న అన్నమ్మగారు ఒక చేయి చిన్నారి మరియ భుజం మీద వేసి, మరో చేత్తో తెరిచిన పుస్తకం పట్టుకుని ఉన్నారు. పుస్తకం అంచున రంగు కొద్దిగా రాలి లోపలి తెల్లసుద్ద కనిపిస్తోంది. అమ్మ ఆ అంచును వేలితో తడిమి మా మేనకోడలితో, "నాకు అక్షరాలు దిద్దించింది మా అమ్మమ్మేనే. బడికి పంపే స్తోమత మాకెక్కడిది? ప్రార్థనల పుస్తకం ముందేసుకుని, ఒక్కో పాట పాడిస్తూ, పాడిన మాట మీద వేలు పెట్టించేది," అంది. ఇన్నేళ్లలో ఆ మాట నేను కూడా వినలేదు. పిల్ల నోరు తెరుచుకుని విని, "ఏ పాట అమ్మమ్మా?" అని అడిగింది.

తర్వాత చిన్న తరగతుల పిల్లల నృత్యాలు, బహుమతులు, అందరికీ పులిహోర, కేసరి. వాటన్నిటికంటే ఆ ప్రశ్నే నాకు ముఖ్యమనిపించింది. ఇలాంటి పండుగల్లో పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టి పూలు ఇచ్చి పంపడంతో సరిపెట్టకుండా, వాళ్లకు తెలిసినదేదో పిల్లలు అడిగి చెప్పించుకునే వేళ కూడా ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ అది అనుకోకుండానే జరిగింది. భోజనాలయ్యాక మేనకోడలు తన స్నేహితురాళ్లను పోగుచేసి అమ్మ చుట్టూ కూర్చోబెట్టింది. అమ్మ తన అమ్మమ్మ నేర్పిన మరియమాత కీర్తన పల్లవి ఎత్తుకుంది, రెండో చరణం దగ్గర మాట మరిచి ఆగింది, మళ్లీ మొదటినుంచి పాడితే అదే వచ్చేసింది. పాటలు నేర్పే సిస్టర్ ఆమెతో ఇంకోసారి పాడించుకుని ఫోనులో రికార్డు చేసుకున్నారు. వచ్చే పండుగకు పిల్లల చేత పాడిస్తామని చెప్పి, చరణాలు సరిచూసుకోవడానికి మా ఇంటి ఫోను నంబరు రాసుకున్నారు.