చిన్న బిస్కెట్ జాయింటర్‌కి ఏ బిస్కెట్లు సరిపోతాయి?

చెక్కల్ని అతకడానికి గాడి కోసే చిన్న సైజు బిస్కెట్ జాయింటర్ (బిస్కెట్లంటే ఆ గాడిలో దూర్చే చెక్క బిళ్ళలు) పాతది ఎక్కడైనా చవగ్గా కనిపిస్తే, డబ్బులు తీసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనికి బిస్కెట్లు ఇప్పుడు దొరుకుతాయా? అమెరికాలో గరాజ్ సేల్స్‌లో ఇలాంటివి అప్పుడప్పుడు బయటపడుతుంటాయి, ముఖ్యంగా ర్యోబి వాళ్ళ డీబీజే50. చేతిలో ఇమిడిపోయే మెషిన్, మోటారు బాగుంటుంది, బ్లేడు కూడా బాగానే ఉంటుంది. కానీ దాని తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది, అది వాడే ఆర్1, ఆర్2, ఆర్3 బిస్కెట్లు ఏ హార్డ్‌వేర్ షాపులోనూ ఉండవు. నా దగ్గరున్నది అదే. దానికోసం వెతుకుతూ నేర్చుకున్నదంతా ఒకచోట రాసిపెడుతున్నాను, ఎందుకంటే తెలుగులో దీనిమీద నాకు ఒక్క ముక్క కూడా కనిపించలేదు.

తెలియనివాళ్ళకి రెండు మాటలు. బిస్కెట్ అంటే బీచ్ అనే చెట్టు చెక్కని గట్టిగా నొక్కి చేసిన పల్చటి బిళ్ళ, రెండు చివర్లూ సన్నగా, మధ్యలో వెడల్పుగా ఉంటుంది. అతకాల్సిన రెండు చెక్కల్లోనూ మెషిన్‌తో చంద్రవంక ఆకారంలో గాడి కోసి, గ్లూ పూసి, బిళ్ళని సగం ఇటు సగం అటు దూర్చి బిగిస్తాం. గ్లూలో ఉన్న నీటికి బిళ్ళ ఉబ్బి గాడిలో బిగుసుకుంటుంది. ఈ పద్ధతి స్విట్జర్లాండ్‌లో హెర్మన్ స్టైనర్ అనే వడ్రంగి 1950ల్లో కనిపెట్టాడు, అదే తర్వాత లామెల్లో కంపెనీ అయింది, చేత్తో పట్టుకుని వాడే మెషిన్ 1960ల చివర్లో వచ్చింది. మిగతా కంపెనీలన్నీ వాళ్ళ సైజుల్నే అనుసరించాయి కాబట్టి మకీటా అయినా, డీవాల్ట్ అయినా, పెద్ద మెషిన్ ఏదైనా సరే 0, 10, 20 నంబర్ బిస్కెట్లు వేసుకోవచ్చు. 0 నంబర్ 47 మి.మీ. పొడవు 15 వెడల్పు, 10 నంబర్ 53 పొడవు 19 వెడల్పు, 20 నంబర్ 56 పొడవు 23 వెడల్పు. మూడింటి మందం సుమారు 4 మి.మీ., అదే అసలు కీలకం. హైదరాబాద్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా ఈ మెషిన్ ఉన్నవాళ్ళకి బిస్కెట్ల టెన్షన్ లేదు.

మరి పెద్ద మెషిన్ ఉండగా చిన్నది ఎందుకంటే, సన్నటి ఫ్రేముల కోసం. నేను చేస్తున్నది ఇంట్లోకి చిన్న పూజా మందిరం. ముందు తలుపుల ఫ్రేముకి వాడేది ఇక్కడ వన్-బై-టూ అని అమ్మే బద్ద, నిజానికి అది 19 మి.మీ. మందం, 38 మి.మీ. వెడల్పు ఉంటుంది. పెద్ద మెషిన్ బ్లేడు 100 మి.మీ. వ్యాసం. దానితో అన్నిటికన్నా చిన్నదైన 0 నంబర్ బిస్కెట్‌కి 8 మి.మీ. లోతు గాడి కోసినా, ఆ గాడి పొడవు సుమారు 54 మి.మీ. వస్తుంది. 38 మి.మీ. బద్ద చివర 54 మి.మీ. గాడి ఎలా పడుతుంది? రెండు పక్కలా బయటికి వచ్చేస్తుంది. దేవుడి మందిరం తలుపుకి పక్కన కన్నం కనిపించడం నాకు అస్సలు ఇష్టం లేదు. మా పక్కింటి అన్నయ్య గరాజ్‌లోకి వచ్చినప్పుడల్లా "ఎందుకు తమ్ముడూ ఇంత కష్టం, వెనకనుంచి స్క్రూ కొట్టేయొచ్చుగా" అంటాడు. కొట్టొచ్చు. కానీ ఆ మందిరం రేపు మా అమ్మ వచ్చి చూస్తుంది, వెనక తిప్పి కూడా చూస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్యాకెట్ మీద "చిన్నవి", "మినీ" అని రాసినంత మాత్రాన కొనకండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు చిన్న జాయింటర్ బిస్కెట్లని చెప్పి 0 నంబర్ పంపాడు, అవి 4 మి.మీ. మందం, నా గాడిలోకి అంచు కూడా దూరదు. వాడికి అది చిన్న సైజే మరి. మనకి కావాల్సింది పేరు కాదు, కొలత. మెషిన్‌తో ఒక పనికిరాని చెక్కముక్క మీద గాడి కోసి (ముక్కని క్లాంప్‌తో బిగించండి, చేత్తో పట్టుకుని ఎప్పుడూ కోయొద్దు), ప్లగ్ తీసేసి, కాలిపర్‌తో (మిల్లీమీటర్లలో చిన్న కొలతలు తీసే పరికరం) మూడు కొలవండి: గాడి వెడల్పు, గాడి లోతు, పైన కనిపించే పొడవు.

వీటిలో వెడల్పు దగ్గర రాజీ కుదరదు. బిస్కెట్ మందం గాడి వెడల్పు కంటే ఒక వెంట్రుకవాసి తక్కువ ఉండాలి, అంటే వేలితో నొక్కితే దూరాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు. వదులుగా ఉంటే గ్లూ ఎంత పోసినా ఆ జాయింట్ పైకీ కిందికీ కదులుతుంది, ఇక బిస్కెట్ వేసి లాభం ఏముంది? బిస్కెట్ మందంగా ఉంటే సుత్తితో కొట్టి దూర్చాలనిపిస్తుంది, అలా కొడితే పల్చటి బద్ద చీలిపోతుంది.

లోతు సంగతి సులువు. రెండు వైపుల గాడుల లోతు కలిపితే బిస్కెట్ వెడల్పు కంటే ఒకటి ఒకటిన్నర మి.మీ. ఎక్కువ ఉండాలి, గ్లూకి చోటు కావాలి. గాడి పొడవు మాత్రం బిస్కెట్ కంటే కొంచెం ఎక్కువే ఉండనివ్వండి. బిస్కెట్ జాయింట్‌లో నాకు బాగా నచ్చేది ఇదే: పైకీ కిందికీ కదలదు, కానీ గ్లూ ఆరేలోపు పక్కలకి కొంచెం జరుపుకుని అంచులు కలుపుకోవచ్చు. డోవెల్‌తో, అంటే గుండ్రటి చెక్క మేకుతో, ఆ వెసులుబాటు లేదు.

గాడి పొడవు కోయకుండానే లెక్క కట్టొచ్చు, బిస్కెట్లు కొనేముందు ఇది చాలా ఉపయోగం. బ్లేడు వ్యాసంలోంచి లోతు తీసేయండి, వచ్చినదాన్ని లోతుతో గుణించండి, దాని వర్గమూలం తీసి రెండు రెట్లు చేయండి. పైన చెప్పిన 54 అలాగే వచ్చింది: 100 లోంచి 8 తీస్తే 92, ఎనిమిదితో గుణిస్తే 736, వర్గమూలం 27 చిల్లర, రెట్టిస్తే 54. అదే మీ చిన్న మెషిన్ బ్లేడు 40 మి.మీ. అనుకుందాం, 5 మి.మీ. లోతు కోస్తే గాడి 26 మి.మీ. పైన వస్తుంది. ఆర్3 పొడవు సుమారు ఒక అంగుళం, అంటే 25 మి.మీ. చిల్లర, అందులో సరిగ్గా పడుతుంది. ఆర్2 ముప్పావు అంగుళం, ఆర్1 అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు. చూశారా, 38 మి.మీ. బద్దలో ఇవి హాయిగా దాక్కుంటాయి.

ఇక వేరే కంపెనీల చిన్న బిస్కెట్లు పనికొస్తాయా అంటే, పోర్టర్-కేబుల్ 557 మెషిన్‌కి ఎఫ్ఎఫ్ అనే సైజు ఉంది, ఫేస్ ఫ్రేముల (అల్మరా ముందు వైపు బిగించే సన్నటి ఫ్రేములు) కోసమే చేసింది. ఆ మెషిన్‌లో రెండంగుళాల చిన్న బ్లేడు మార్చుకుని వాడతారు. సైజు చూస్తే ఆశ పుడుతుంది, కానీ మందం మామూలు బిస్కెట్లంతే, కాబట్టి సన్నటి గాడి కోసే మెషిన్‌లో పనిచేయదు. లామెల్లో వాళ్ళదే హెచ్9 అని ఉంది, 38 పొడవు, 12 వెడల్పు, 3 మి.మీ. మందం. మీ గాడి 3 మి.మీ. ఉంటే చిన్న పెట్టెలు, డ్రాయర్లకి అది చక్కగా సరిపోతుంది, నా బద్దలకి మాత్రం పొడవు ఎక్కువ. చివర్లు కత్తిరించి వాడొచ్చు, అందులో తప్పేం లేదు, బలమంతా మధ్యలోనే ఉంటుంది. డామినో, టెన్సో అని కనిపించే వేరే రకం అతుకు ముక్కలు మాత్రం వదిలేయండి, వాటి గాడులే వేరు, మెషిన్లే వేరు.

అసలైన ఆర్ సైజులు పాత స్టాకు ఎవరైనా అమ్మితే కొనండి, కానీ ప్యాకెట్ సీల్ ఉందో లేదో అడగండి. సీల్ లేకుండా ఏళ్ళ తరబడి గరాజ్‌లో ఉన్న బిస్కెట్లు గాలిలో తేమ పీల్చి ముందే ఉబ్బిపోయి ఉంటాయి. అలాంటివి కొన్ని సెకన్లు మైక్రోవేవ్‌లో పెడితే తేమ పోయి మళ్ళీ దూరతాయి, వరసగా కాకుండా ఆగి ఆగి వేడి చేయండి, లేకపోతే మాడిపోతాయి.

ఏదీ దొరకకపోతే సొంతంగా చేసుకోవడమే. నేను చివరికి ఇదే దారి పట్టాను, నిజంగా బాగున్నాయి. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి, అది చెక్క గ్రెయిన్ (నారల వరస) దిశ. ఫ్యాక్టరీ బిస్కెట్‌ని పరీక్షగా చూడండి, గ్రెయిన్ పొడుగునా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. పొడుగునా ఉంటే సరిగ్గా రెండు చెక్కలు కలిసే గీత మీదే బిస్కెట్ చీలుతుంది. చాలామంది చెప్పే చిట్కా ఏంటంటే, పొడవాటి కర్రని బిస్కెట్ ఆకారంలో చెక్కి దోసకాయ చక్రాల్లా కోసుకోమని. అలా చేయకండి. మామూలు కర్రలో గ్రెయిన్ పొడుగునా పోతుంది కాబట్టి కోసిన ప్రతి చక్రంలోనూ అది అడ్డంగా తెగి ఉంటుంది, వేళ్ళతో వంచితే పుటుక్కున విరుగుతుంది. దానికి బదులు మందమైన మేపుల్ పలక తీసుకుని, దాని పై ముఖం మీద గ్రెయిన్‌కి ఏటవాలుగా బిస్కెట్ ఆకారం గీసి, ఆ ఆకారంలో దిమ్మ కోసి, ఆ ముఖానికి సమాంతరంగా పల్చటి బిళ్ళలు తీయండి. అప్పుడు గ్రెయిన్ ప్రతి బిళ్ళలోనూ ఏటవాలుగా, నిండుగా ఉంటుంది. బీచ్ దొరికితే ఇంకా మంచిది. దిమ్మ చిన్నదిగా ఉంటుంది కాబట్టి బ్యాండ్‌సా (పట్టీలాంటి బ్లేడు తిరిగే రంపం మెషిన్) దగ్గర దాన్ని పెద్ద చెక్కకి అతికించి పట్టుకోండి, వేళ్ళు బ్లేడుకి దూరంగా ఉండాలి.

ఇంట్లో చేసినవి నొక్కిన చెక్క కాదు, అందుకని ఫ్యాక్టరీవాటంత ఉబ్బవు. కాబట్టి మందం ఇంకాస్త బిగుతుగా ఉంచాలి. నేను కొంచెం మందంగానే కోసి, సపాటు చెక్క మీద శాండ్‌పేపర్ అతికించి దానిమీద రుద్ది, గాడిలో పెట్టి చూస్తూ తగ్గిస్తాను. ఓపిక కావాలి, కానీ పాటలు పెట్టుకుని కూర్చుంటే ఒక సాయంత్రం పనికి మందిరం మొత్తానికి సరిపడా వస్తాయి. త్రీడీ ప్రింటర్‌తో ప్లాస్టిక్‌వి చేసుకునేవాళ్ళున్నారు, అంచులు కలపడం వరకే అయితే సరే, చెక్క గ్లూ ప్లాస్టిక్‌ని పట్టుకోదు, అది ఉబ్బదు కూడా.

గ్లూ విషయంలో నీటి ఆధారిత తెల్ల గ్లూనో పసుపు గ్లూనో వాడండి, టైట్‌బాండ్ అయినా మన ఫెవికాల్ అయినా పర్లేదు. ఎపాక్సీలో నీళ్ళుండవు, బిస్కెట్ ఉబ్బదు. గ్లూ బిస్కెట్‌కి కాకుండా గాడి గోడలకి పూయండి, బిస్కెట్‌కి ముందే పూస్తే దూర్చేలోపే ఉబ్బడం మొదలవుతుంది, చిన్న సైజుల్లో అది మరీ తొందరగా తెలుస్తుంది. మిగిలిన బిళ్ళలు బిగుతు మూత ఉన్న పచ్చడి సీసాలో వేసి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి. సీసా మీద గాడి వెడల్పు, లోతు, ఏ మెషిన్‌కో రాసి అంటించండి.