మా నాన్న కారు ఇంజన్ హెడ్ ఇంట్లోనే విప్పి బిగించాం

1998లో మా నాన్న కొన్న మారుతి 800 ఇప్పటికీ విశాఖ మల్కాపురంలో మా ఇంటి ముందే ఉంది. ఏపీ 31 నంబరు, కార్బురేటర్ బండి. నాన్న పోయాక అమ్మేయమని చాలామంది చెప్పారు. నాకు మనసొప్పలేదు.

పోయిన వేసవిలో అమ్మను ఎక్కించుకుని సింహాచలం కొండెక్కుతుంటే ఘాట్ రోడ్డు సగంలో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటేసింది. బానెట్ లేపితే ఒకటే ఆవిరి. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. గంటసేపు ఆగి, చల్లారాక నీళ్లు పోసి, ఎలాగో ఇల్లు చేరాం. వారం తిరక్కుండానే సైలెన్సర్ నుంచి తెల్ల పొగ మొదలైంది. రోజూ నీళ్లు తగ్గిపోతున్నాయి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల మీగడలాంటి జిడ్డు. ఇంజన్ బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య నీళ్లు, ఆయిల్ కలవకుండా పెట్టే అట్ట, అంటే హెడ్ గాస్కెట్ పోయిందని తెలిసిపోయింది. ఒక షాపులో ఇస్తే ఒక్కరోజులో కొత్త గాస్కెట్ వేసి, డబ్బు తీసుకుని పంపించేశారు. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ అదే పొగ.

అప్పుడు మా మేనమామ వచ్చాడు. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కటే అడిగాడు.

"హెడ్ మట్టం చూశారా అల్లుడూ?"

"చూసినట్టు ఎవరూ చెప్పలేదు మావయ్యా."

"పలక వంకరగా ఉంటే మధ్యన పెట్టిన అట్ట ఏం చేస్తాది? మళ్లీ ఎన్నిసార్లు మార్చినా అంతే."

ఈసారి మనమే చేద్దామన్నాడు. నేను అంతకుముందు ఆయిల్ మార్చడం, ప్లగ్గులు మార్చడం దాటి ఇంజన్ జోలికి వెళ్లలేదు. అయినా సరేనన్నాను.

ఈ ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు. కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో ఆ తేడాను గాస్కెట్ తట్టుకుంటుంది. ఇంజన్ కాగిపోతే మాత్రం బోల్టుల మధ్య బిగుసుకున్న హెడ్ సాగడానికి చోటు లేక వంగిపోతుంది. మా బండికి కొండ మీద జరిగింది అదే.

విప్పడం ఒక పూట పని. ప్రతి గొట్టం, ప్రతి వైరు తీసే ముందు ఫోన్‌లో ఫోటో తీశాను. మొదటి సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, టైమింగ్ గుర్తులు కలిశాయని చూసుకున్నాకే పిస్టన్లు, వాల్వులు లయ తప్పకుండా కలిపి తిప్పే టైమింగ్ బెల్టు వదులు చేశాం. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఎక్కడ ఉందో మేకుతో గీత గీశాను. వాల్వులు, వాటి స్ప్రింగులు, లాకులు కలిసిపోకుండా అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, నంబర్లు వేసి గుచ్చాను. ఏ వాల్వు ఏ సీటులో అరిగిందో అది మళ్లీ ఆ సీటులోకే వెళ్లాలి. హెడ్ బోల్టులు ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, రెండు చివర్ల నుంచి మధ్యకు, ఒక్కోటి కాస్త కాస్త వదులు చేయాలి. వేడి మీద, లేదా ఒక పక్క నుంచి వరసగా తీసేస్తే బాగున్న హెడ్ కూడా వంగుతుంది.

హెడ్ పైకి లేపగానే జబ్బు కళ్లకు కనిపించింది. ఒకటి, రెండు పిస్టన్ల మీద నల్లటి మసి. మూడోది మాత్రం కడిగి తుడిచినట్టు మెరుస్తోంది. అందులోకి నీళ్లు వెళ్లి, ఆవిరై, మసినంతా ఎత్తుకుపోయాయి. గాస్కెట్ మీద రెండుకీ మూడుకీ మధ్య సన్నటి కాలిన గీత ఉంది.

మావయ్య తన స్ట్రెయిట్ ఎడ్జ్, అంటే మట్టం చూసే తిన్నటి ఇనుప పట్టీ, గుడ్డలో చుట్టి తెచ్చాడు. హెడ్ తిరగేసి, పాత గాస్కెట్ ముక్కలు గీకి తుడిచి, దాన్ని పొడుగునా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి కింద సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ దూర్చి చూశాం. ఈ హెడ్‌కు 0.05 మిల్లీమీటర్ల వరకే తేడా ఉండొచ్చు. మాకు మూల నుంచి మూలకు పెట్టినప్పుడు 0.10 రేకు సులువుగా దూరిపోయింది. కంటికి చూస్తే అద్దంలా ఉంది. చేత్తో తడిమినా ఏమీ తెలియదు. మొదటిసారి గాస్కెట్ వేసినవాళ్లు ఈ ఐదు నిమిషాల పని చేసి ఉంటే రెండోసారి ఈ బండి విప్పాల్సి వచ్చేది కాదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. నీళ్లు తిరిగే రంధ్రాల అంచులు చెదలు తిన్నట్టు గుంటలు పడి ఉన్నాయి. మా వీధి బోరు నీళ్లు ఉప్పన. ఏళ్ల తరబడి రేడియేటర్‌లో అవే పోశాం. ఉప్పు నీళ్లు అల్యూమినియంను అలా తినేస్తాయి. సముద్రం పక్కన ఉండేవాళ్లకు నేను చేతులు పట్టుకుని చెబుతాను, రేడియేటర్‌లో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేమీ పోయకండి.

హెడ్‌ను గాజువాక ఆటోనగర్‌లో ఒక ఇంజన్ వర్క్స్‌కు పట్టుకెళ్లాం. ముందు ప్రెషర్ టెస్ట్ చేయించాం. పగుళ్లు లేవు. తర్వాత ఫేసింగ్, అంటే మిషన్ మీద హెడ్ అడుగు భాగాన్ని కోసి చదును చేయడం. మట్టం వచ్చేదాకా ఎంత కావాలో అంతే తీయమని మావయ్య పక్కనే నిలబడ్డాడు. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, టైమింగ్ కూడా కాస్త జరుగుతుంది. గుంటలు మరీ లోతుగా లేకపోవడం మా అదృష్టం, చాలావరకు ఆ కోతలోనే పోయాయి.

హెడ్ అక్కడ ఉన్నప్పుడు నేను ఇంట్లో ఫ్యాన్ స్విచ్ పని పట్టాను. నీళ్లు వేడెక్కితే ఫ్యాన్‌ను తిప్పే థర్మో స్విచ్ విప్పి, పాత సత్తు గిన్నెలో నీళ్లు మరగబెట్టి, దాని కొన ముంచి మల్టీమీటర్ పెట్టాను. నీళ్లు తెర్లుతున్నా స్విచ్ కలవలేదు. అన్నిటికీ మూలం అదే. అదే గిన్నెలో, ఇంజన్ వేడెక్కాక నీళ్లకు దారి తెరిచే థర్మోస్టాట్ వేస్తే చక్కగా తెరుచుకుంది. స్విచ్ ఒక్కటి మార్చాను.

హెడ్ వచ్చాక వాల్వ్ గ్రైండింగ్, అంటే వాల్వు తన సీటులో సందు లేకుండా కూర్చునేలా రుద్దడం. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. వాల్వు అంచుకు రుద్దే పేస్టు చుక్కలు చుక్కలుగా పెట్టి, గైడ్‌లో ఒక బొట్టు ఆయిల్ వేసి దింపి, రబ్బరు కప్పు ఉన్న కర్రను వాల్వు తలకు అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. మొదట గరగరమంటుంది. నాలుగైదు తిప్పులకోసారి పైకి లేపి, కాస్త జరిపి, మళ్లీ తిప్పాలి. కొంతసేపటికి గరగర తగ్గి, పొడి ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు మెత్తని చప్పుడు వస్తుంది. అప్పుడు తీసి తుడిచి చూస్తే వాల్వు మీదా, సీటు మీదా బూడిద రంగులో సన్నటి ఉంగరం కనిపిస్తుంది. ఆ ఉంగరం ఎక్కడా తెగకూడదు. ముతక పేస్టు తర్వాత నున్నటి పేస్టు. ఆరు వాల్వులకు రెండు సాయంత్రాలు పట్టింది.

మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు నేను బాగుందనుకున్నాను. మావయ్య ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు పలచగా పూసి, వాల్వును సీటులో నొక్కి తీశాడు. నీలం రంగు ఒక చోట గోరంత మేర అంటలేదు. "కన్ను చెప్పింది కాదు అల్లుడూ, రంగు చెప్పిందే నమ్ము" అన్నాడు. మళ్లీ తిప్పాను. పని అయ్యాక ఆ పేస్టు ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగడం చాలా ముఖ్యం. మిగిలితే ఇంజన్ లోపల అన్నిటినీ అరగదీస్తుంది. కొత్త వాల్వ్ సీళ్లు వేసి, వాల్వులు ఎక్కించి, ప్లగ్గులు బిగించి, హెడ్ తిరగేసి, వాల్వులు కూర్చున్న గిన్నెల్లాంటి గుంటల్లో కిరోసిన్ పోశాం. పావుగంట చూశాం. వాల్వుల వెనక ఉన్న దారుల్లోకి, అంటే పోర్టుల్లోకి చుక్క దిగలేదు.

బ్లాకు పైభాగం ముందు రోజే శుభ్రం చేసి గుడ్డ కప్పి వదిలాను. పొద్దున్నే చూస్తే ఎర్రటి తుప్పు పొర. ఉప్పు గాలికి ఒక్క రాత్రి చాలు. మళ్లీ మెత్తగా రుద్ది తుడిచి, బిగించే దాకా ఆయిల్ రాసి ఉంచాను. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ మిగిలితే బోల్టు దిగేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకు పగలొచ్చు. గుడ్డ చుట్టిన పుల్లతో అద్ది, సైకిల్ పంపుతో గాలి కొట్టాం.

కొత్త గాస్కెట్ పెట్టి, హెడ్ దించి, అడిగి తెచ్చిన, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో మధ్య నుంచి అంచులకు మూడు విడతలుగా బిగించాం. ఏ బోల్టు తర్వాత ఏదో కాగితం మీద రాసుకుని మావయ్య చదువుతుంటే నేను తిప్పాను. బెల్టు ఎక్కించాక క్రాంక్‌ను పానాతో రెండు చుట్లు తిప్పి చూస్తే పై గుర్తు ఒక పన్ను తేడా వచ్చింది. తీసి మళ్లీ ఎక్కించాం. చూడకుండా స్టార్ట్ చేసి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గర సందు సరిచేయడం), కొత్త ఆయిల్, ఫిల్టర్, కూలెంట్. ప్లగ్ వైర్లు ఒకటి, మూడు, రెండు వరసలో.

ఆదివారం సాయంత్రం తాళం తిప్పాను. నాలుగో తిప్పుకు అందుకుంది. మొదట్లో సైలెన్సర్ నుంచి పాత తేమ పొగ కాసేపు వచ్చి ఆగిపోయింది. గాలి బుడగలు పోయేదాకా రేడియేటర్ మూత తీసే ఉంచాం. ముల్లు మెల్లగా సగానికి వచ్చింది. ఎవరం మాట్లాడలేదు, టెన్షన్‌గా ఫ్యాన్ వైపే చూస్తున్నాం. టక్‌మని స్విచ్ కలిసి ఫ్యాన్ తిరిగింది. అమ్మ గుమ్మంలోంచి "తిరిగిందా?" అని అడిగింది.

చల్లారాక కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత గీశాను. నెల రోజుల తర్వాత అమ్మతో మళ్లీ సింహాచలం వెళ్లి వచ్చాం. మర్నాడు పొద్దున్నే బానెట్ లేపి చూశాను. కూలెంట్ ఆ గీత దగ్గరే ఉంది.